టీనేజీ పిల్లలతో బట్టలు కొనడం ఎలా: కంపెనీ పేరు కన్నా ముందు వాటం చూడండి

పద్నాలుగేళ్ల మా అబ్బాయి ఒక కంపెనీ పేరు చెప్పి, ఆ టీషర్టే కావాలన్నాడు. ధర చూశాక నాకు నోట మాట రాలేదు. వాడికి కావలసింది వదులు టీషర్టే కదా అనుకుని, అందులో సగం ధర కూడా లేని, పేరు లేని టీషర్టు ఒకటి మూడు సైజులు పెద్దది తెచ్చి చేతిలో పెట్టాను. వాడు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మెడ ఒక పక్కకు జారి బనియను పట్టీ కనిపించింది. కింది అంచు తొడల మీదికి దిగింది. ఎటు చూసినా గుడ్డ వేలాడుతోంది.

"నాన్నా, ఇది పెద్దది. నేనడిగింది వదులుది" అన్నాడు.

తర్వాత ఆ రెండు టీషర్టుల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే వాడన్నది అక్షరాలా నిజమని తేలింది. పిల్లలు కంపెనీ పేరు చెప్పినప్పుడు చాలాసార్లు వాళ్లు అడుగుతున్నది వాటాన్ని, అంటే బట్ట ఒంటి మీద నిలిచే తీరుని. దానికి వాళ్ల దగ్గర వేరే మాట లేదు కాబట్టి పేరు చెబుతారు. మనం పేరు వినగానే ధర గురించి పోట్లాడతాం. ఈ గొడవ లేకుండా పని జరగాలంటే ఏం చేయాలో, నాకు పనికొచ్చిన వరుసలోనే చెబుతాను.

1. ముందు ఫొటోలు అడగండి

"ఎందుకు ఆ కంపెనీయే?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఏ పిల్లవాడూ సరైన జవాబు చెప్పడు, భుజాలు ఎగరేస్తాడు. బదులుగా నచ్చినవి మూడు ఫొటోలు చూపించమనండి. మూడూ వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది. వాటిలో భుజం కుట్టు ఎక్కడ ఉంది, కింది అంచు నడుము దగ్గర ఆగిందా కిందికి దిగిందా, ప్యాంటు కాలు మడమ దగ్గర ఎంత వెడల్పుంది అన్నవి చూడండి. మూడింటిలోనూ ఒకే పోలిక కనిపిస్తే అదే మీ వేట.

తర్వాత ఒక ప్రశ్న వేయండి: "ఇదే చొక్కా, ఇదే గుడ్డ, ఛాతీ మీద ఈ బొమ్మ మాత్రం ఉండదు. వేసుకుంటావా?" వేసుకుంటానంటే పని తేలిక, కావలసింది వాటమే. కాస్త ఆలోచించి "చూస్తాను" అంటే స్నేహితుల మాట కొంత ఉందన్నమాట. చచ్చినా వేసుకోనంటే కావలసింది ఆ బొమ్మే. అప్పుడు దాన్ని బొమ్మగానే లెక్కపెట్టాలి. టోపీయో, మేజోళ్లో, ఒక బ్యాగో కొనిస్తే ఆ ముచ్చట చిన్న ఖర్చులో తీరుతుంది.

బొమ్మ మీద మోజును చూసి నవ్వకండి. కంపెనీ గుర్తు మెడ లోపలి లేబుల్ మీద నుంచి ఛాతీ మీదికి ఎక్కి చాలా కాలమైంది. టెన్నిస్ ఆటగాడు రెనె లాకోస్ట్ 1933లో పెట్టిన కంపెనీ చొక్కాల మీది మొసలి అలా బయటికి వచ్చిన తొలి గుర్తుల్లో ఒకటి. నైకీ గుర్తును 1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీసింది, అందుకు ఆమెకు ముట్టింది 35 డాలర్లు. ప్యూమా, అడిడాస్ అయితే విడిపోయిన అన్నదమ్ముల కంపెనీలు. రుడాల్ఫ్ డాస్లర్ 1948లో ప్యూమా పెడితే, తమ్ముడు అడాల్ఫ్ 1949లో అదే ఊళ్లో అడిడాస్ పెట్టాడు. ఇలాంటి కథలు పిల్లలకు చెప్పి చూడండి. పోట్లాట కాస్తా కబుర్లలోకి దిగుతుంది.

2. అల్మరా మొత్తం మంచం మీద పోయించండి

ఇది పిల్లలతోనే చేయించాలి. తరచూ వేసుకునేవి ఒక కుప్ప, ఎప్పుడో ఒకసారి వేసుకునేవి ఒక కుప్ప, ట్యాగు కూడా తీయనివి ఒక కుప్ప. మూడో కుప్పను చూపించి దెప్పకండి, అందులో సగం మీరు కొన్నవే ఉంటాయి. మొదటి కుప్పలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉతుకుడుకు వచ్చేది ఏదో మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. దాన్ని పక్కన పెట్టండి, నాలుగో అడుగులో కావాలి.

3. మోజు వయసెంతో చూడండి

ఇప్పుడు పిల్లల ఒంటి మీద ప్రధానంగా కనిపిస్తున్నది వదులు. భుజం జారిన టీషర్టులు, బ్యాగీ జీన్సు, వెడల్పు కాళ్ల ప్యాంట్లు, తొడ మీద పెద్ద జేబులున్న కార్గోలు, బరువైన హుడీలు. కాళ్లకు అతుక్కుపోయే స్కిన్నీ జీన్సు కొన్నేళ్ల కిందటి దాకా తప్పనిసరి, ఇప్పుడు అదంటే చాలామంది మొహం చిట్లిస్తారు. 2000 ప్రాంతపు కిందికి దిగిన నడుము ప్యాంట్లు కూడా మళ్లీ వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి మోజు తిరిగి రావడం బట్టల లోకంలో మామూలే. మీరు 1990ల్లో వేసుకున్న బ్యాగీ జీన్సు ఎక్కడైనా పెట్టెలో ఉంటే బయటికి తీయండి. మీ అమ్మాయి దాన్ని మీ చేతుల్లోంచి లాక్కున్నా ఆశ్చర్యం లేదు. వాడిన బట్టలు కొని వేసుకోవడాన్ని ఈ తరం నామోషీగా కాక తెలివిగా చూస్తోంది.

కొనేటప్పుడు నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఆ రకం బట్ట ఎన్నేళ్లుగా బతుకుతోందో చూస్తాను. రాగి రివెట్లు కొట్టిన పని ప్యాంటుకు, అంటే ఇప్పటి జీన్సుకు, జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ కలిసి పేటెంట్ పొందింది 1873లో. హుడీని ఛాంపియన్ కంపెనీ 1930ల్లో చలిలో పనిచేసే కూలీల కోసం, ఆటగాళ్ల కోసం కుట్టింది. తొడ మీద పెద్ద జేబు 1930ల చివర బ్రిటిష్ సైనికుల ప్యాంటు మీదికి వచ్చింది. కన్వర్స్ ఆల్ స్టార్ గుడ్డ బూటు 1917 నాటిది. ఇన్ని మోజులు దాటుకుని వచ్చినవి ఇంకో మూడేళ్లు ఉండకపోవు, వీటి మీద కాస్త ఎక్కువ ఖర్చు పెట్టవచ్చు. ఈ నెల పుట్టిన రంగు, ఛాతీ మీద పెద్ద అక్షరాల నినాదం, రెండు కంపెనీలు కలిసి వేసిన బొమ్మ, ఇలాంటివి వచ్చే ఏడాదికి మూడో కుప్పలో చేరతాయి. వద్దనకండి. తక్కువలో తీసుకోండి.

డబ్బు సంగతి ఇక్కడే తేల్చేయండి, దుకాణంలో కాదు. మా ఇంట్లో నడిచేది ఇది: మామూలు మంచి ప్యాంటుకు ఎంత అవుతుందో అంత నేనిస్తాను, పేరు కోసం పైన పడేది వాడి సొంత డబ్బు. దాచుకున్న డబ్బు తీయాల్సి వచ్చేసరికి సగం కోరికలు వాటంతట అవే చల్లారాయి. చల్లారని వాటిని చూసి నాకే ముచ్చటేసింది. వాడు ఆరు నెలలు కూడబెట్టి కొన్న బూట్లను నేను ఒక్క మాట అనలేదు.

4. టేపు తీయండి

అసలు పని ఇదే, దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఇందాక పక్కన పెట్టిన ఇష్టమైన టీషర్టును మంచం మీద ముడతలు లేకుండా పరవండి. ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా, మెడ పక్కన భుజం మీది ఎత్తైన చోటు నుంచి కింది అంచు దాకా కొలిచి, మూడు అంకెలూ ఫోనులో రాసుకోండి. ఒంటిని కొలవడం కన్నా ఇది నయం. పిల్లలు ఈ వయసులో టేపు ఒంటి మీద పెట్టనివ్వరు, పెట్టినా ఊపిరి బిగబడతారు.

మా వాడి పాత టీషర్టు ఛాతీ వెడల్పు 48 సెంటీమీటర్లు, పొడవు 66. వాడు కోరిన వదులు టీషర్టు వెడల్పు 58, పొడవు 68. నేను తెచ్చిన మూడు సైజుల పెద్దదాని వెడల్పు 55, పొడవు 73. చూశారా? అసలైన వదులు టీషర్టు అడ్డంగా పెరిగింది, నిలువుగా దాదాపు అలాగే ఉంది. నాది నిలువుగా పెరిగింది, కావలసినంత అడ్డం మాత్రం రాలేదు. కారణం కటింగులోనే ఉంది. మామూలు టీషర్టును సైజు పెంచుతూ పోతే ఛాతీ, పొడవు, మెడ, చేతులు అన్నీ కలిసి పెరుగుతాయి, ఎందుకంటే దాన్ని మరింత పెద్ద మనిషి కోసం కత్తిరిస్తారు. ఓవర్‌సైజ్ అని అమ్మేదాన్ని అదే మనిషి కోసం కత్తిరిస్తారు. మెడ చిన్నదిగా ఉంచి, భుజం కుట్టును చేతి మీదికి జార్చి, ఆ జారినంత మేర చేతి పొడవు తగ్గిస్తారు. ఈ తేడా తెలిశాక, పేరున్న కంపెనీలోనూ పేరు లేని కంపెనీలోనూ మీరు వెతకాల్సింది అంకెలనే. వాడు మొదట కోరిన వాటం మాకు చివరికి పేరు వినని కంపెనీలో దొరికింది.

ప్యాంటుకు నాలుగు కొలతలు చాలు: నడుము, తొడ, కాలి అంచు వెడల్పు, కాళ్లు కలిసే చోటు నుంచి ముందు నడుము పట్టీ దాకా ఉన్న ఎత్తు. ఈ చివరిదాన్ని ఎవరూ కొలవరు, మోజంతా దాంట్లోనే ఉంటుంది. అది 28 సెంటీమీటర్ల దగ్గర ఉంటే నడుము బొడ్డు దాకా వస్తుంది, 20 దగ్గర ఉంటే తుంటి ఎముకల మీద ఆగుతుంది. కాలి అంచును పరిచి కొలిస్తే స్కిన్నీకి సుమారు 14, నిటారు కాలుకు 19 లేదా 20, బ్యాగీకి 23 పైనే ఉంటుంది. లేబుల్ మీది నడుము సంఖ్యను నమ్మకండి. 30 అని రాసి ఉన్న రెండు కంపెనీల ప్యాంట్లకు టేపు పెడితే రెండంగుళాల తేడా రావడం మామూలే.

ఎదిగే పిల్లలకు ఒక చిట్కా. నడుము సరిపోయి పొడవు ఎక్కువైతే, దర్జీతో గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టమని చెప్పండి. ఆరు నెలలకు ఆ మడత విప్పుకోవచ్చు.

5. గుడ్డను చేత్తో చదవండి

వాటం కుదిరినా గుడ్డ కుదరకపోతే రెండు ఉతుకులకు అంతా పోతుంది. వదులు బట్టలకు ఇది మరీ ముఖ్యం. పల్చటి గుడ్డతో వెడల్పుగా కుట్టిన టీషర్టు ఒంటికి అంటుకుని వేలాడుతుంది. అదే కొలతతో బరువైన గుడ్డ తీసుకుంటే డబ్బాలా నిలబడుతుంది. పిల్లలు ఫొటోల్లో చూసి ఇష్టపడేది ఆ నిలబడడాన్నే.

గుడ్డ బరువును జీఎస్ఎం అంటారు, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. పల్చటి టీషర్టులు 140 నుంచి 150 దాకా, మామూలువి 160 నుంచి 180, నిలబడే ఓవర్‌సైజ్‌వి 220 నుంచి 260 దాకా ఉంటాయి. హుడీలు 300 పైన ఉంటేనే హుడీలు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వివరాల్లో ఈ అంకె కోసం వెతకండి. దాన్ని దాచిపెట్టి "ప్రీమియం" అని మాత్రమే రాసినవాళ్ల దగ్గర నేను కొనను.

దుకాణంలో అయితే చేతులే చాలు. టీషర్టు లోపల చేయి పెట్టి వెలుతురుకు ఎత్తండి. తెల్లదైనా సరే, వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అది పల్చటిది. మెడ పట్టీని రెండు వేళ్లతో సాగదీసి వదలండి, వెంటనే ముడుచుకోవాలి. సోమరిగా ముడుచుకునే మెడ నెల తిరగకుండా అలల్లా లేస్తుంది. మెడ వెనక లోపలి కుట్టు మీద ఒక భుజం నుంచి రెండో భుజం దాకా సన్నటి పట్టీ వేసి ఉంటే, కుట్టినవాళ్లు ఆ బట్టను కొన్నేళ్లు వాడతారని అనుకున్నారన్నమాట. ఇంకొకటి, రెండు భుజాలూ కలిపి పట్టుకుని టీషర్టును వేలాడదీయండి. పక్క కుట్లు నిటారుగా దిగాలి. ఇప్పుడే ఒక పక్కకు మెలిక తిరిగి ఉంటే, ఉతికాక ఆ కుట్టు పొట్ట మీదికి వస్తుంది. పేరు గొప్పవాళ్ల టీషర్టుల్లో కూడా ఈ మెలిక చూశాను, పేరు లేనివాళ్ల దగ్గర అచ్చు గీత గీసినట్టున్నవీ చూశాను.

జీన్సులో ఔన్సుల లెక్క నడుస్తుంది, చదరపు గజం గుడ్డ ఎన్ని ఔన్సులు తూగుతుందో ఆ లెక్క. 12 నుంచి 14 ఔన్సులది బిరుసుగా ఉండి, కాలు వెడల్పును నిలబెడుతుంది. లోపలి లేబుల్ మీద ఎలాస్టేన్ ఎంత శాతమో చూడండి. 1958లో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఈ సాగే దారం స్కిన్నీ జీన్సుకు ప్రాణం. బ్యాగీకి మాత్రం దానితో పని లేదు. పూర్తి నూలుదైతే మేలు, ఒక శాతం ఉన్నా పరవాలేదు. మూడు నాలుగు శాతం సాగే దారం ఉన్న పల్చటి గుడ్డతో కుట్టిన బ్యాగీ జీన్సు పైజమాలా ఊగుతుంది. చవక బ్యాగీ వేసుకుని "ఏదో తేడాగా ఉంది" అని పిల్లలు సణిగితే తేడా అక్కడే.

హుడీ కొనేటప్పుడు చంకల దగ్గర, చేతి అంచుల దగ్గర గుడ్డను గుడ్డతో గట్టిగా ఇరవైసార్లు రుద్దండి. అప్పుడే చిన్న చిన్న ఉండలు లేస్తే దాన్ని అక్కడే వదిలేయండి.

6. వేసుకుని కూర్చోమనండి

ట్రయల్ రూమ్‌లో నిలబడి ఫొటో తీసుకుంటే సరిపోదు. కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి, రెండు చేతులూ పైకెత్తాలి, వంగి బూటు లేసు కట్టుకోవాలి. నడుము దిగిన ప్యాంట్ల సంగతి గొంతుక్కూర్చున్నప్పుడే బయటపడుతుంది. మీరు ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు, వాళ్లే తిరిగి ఇచ్చేస్తారు. "బాగుంది", "బాగాలేదు" అని మీరు ముందు అనకపోవడం కూడా ఈ అడుగులో భాగమే. తండ్రికి బాగా నచ్చిన చొక్కాను పదిహేనేళ్ల పిల్లలు వేసుకోవడం నేనైతే చూడలేదు.

బూట్లు సాయంత్రం కొనండి. అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. రెండు పాదాలూ కొలిచి, పెద్ద పాదానికి తగ్గట్టు తీసుకోండి. అన్నిటికన్నా ముందుకొచ్చిన వేలికి, బూటు కొసకు మధ్య సుమారు సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. ఎదుగుతారు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటే మడమ జారి పుండు పడుతుంది.

7. తొందరపెట్టేవాళ్ల దగ్గర ఆగండి

కొద్ది సంఖ్యలో సరుకు వదిలి, అది అయిపోతే మళ్లీ రాదని చెప్పి అమ్మడం బట్టల కంపెనీలకు పాత విద్య. 1994లో న్యూయార్క్‌లో స్కేట్‌బోర్డు దుకాణంగా మొదలైన సుప్రీమ్ ఈ పద్ధతికి పేరు మోసింది, ఇప్పుడు చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. గడియారం వెనక్కి తిరుగుతున్న పేజీ కనిపిస్తే, బుట్టలో వేసి ఒక రాత్రి గడవనివ్వండి. పొద్దున కూడా కావాలంటే కొనండి.

పేరున్న సరుకు అన్ని సైజుల్లో, అన్ని రంగుల్లో, పావు ధరకు దొరుకుతోందంటే అది నకిలీయే అనుకోండి. లేబుల్ మీది అక్షరాల్లో తప్పులు, కుట్టిన లోగో వెనక అక్షరం నుంచి అక్షరానికి పాకిన తెంపని దారాలు, ఒక అంగుళంలో దగ్గరగా, పక్క అంగుళంలో దూరంగా ఉన్న కుట్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నకిలీ అని తెలిసీ కొందామని పిల్లలే అంటారు ఒక్కోసారి. బడిలో తోటివాళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారని మాత్రం చెప్పండి. అసలు లోగో లేని బట్ట వేసుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

మరీ కారుచవక బట్టల గురించి కూడా పిల్లలతో మాట్లాడవచ్చు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, చాలామంది విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే కార్మికులు. మా వాడు ఆ ఫొటోలు చూసిన తర్వాత లేబుల్ మీద దేశం పేరు చదవడం మొదలుపెట్టాడు. నేను దానికి ఏ ఉపన్యాసమూ జోడించలేదు.

8. ట్యాగు కత్తిరించే ముందు, కత్తిరించిన తర్వాత

ఇంటికి తెచ్చాక ట్యాగు రెండు రోజులు ఉంచండి. ఉన్న బట్టల్లో కనీసం మూడింటితో జత కుదరాలి. కుదరకపోతే తిరిగి ఇచ్చేయండి, అందుకే రసీదు కూడా దాచండి.

ఉతికే ముందు లోపలి లేబుల్ చూడడం పిల్లలకే అప్పగించండి. నీళ్ల తొట్టి బొమ్మలో అంకె ఉంటే అంతకు మించిన వేడి నీళ్లు పనికిరావు. త్రికోణం మీద ఇంటూ గుర్తుంటే బ్లీచింగ్ వేయకూడదు. చతురస్రంలో సున్నా మీద ఇంటూ ఉంటే డ్రయ్యర్‌లో పెట్టకూడదు. ముదురు జీన్సును తిరగేసి, చల్లటి నీళ్లలో, మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకండి. తెల్ల బూట్ల మీద నీలం మరక పడేది కొత్త జీన్సు అంచు రాసుకునే. బొమ్మ వేసిన టీషర్టును కూడా తిరగేసే ఉతకాలి, ఇస్త్రీ కూడా లోపలి వైపు నుంచే. బరువైన హుడీని తడిగా భుజాల మీద వేలాడదీస్తే సాగిపోతుంది, పరిచి ఆరబెట్టండి.

తెల్ల స్నీకర్లను యంత్రంలో వేయకండి. లేసులు తీసి విడిగా నానబెట్టి, అట్టడుగును పాత పళ్ల బ్రష్షుతో తోమి, పైభాగాన్ని కొద్దిగా సబ్బు నీటిలో తడిపి పిండిన మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. మా ఇంట్లో ఆ గుడ్డ నేను తెచ్చిన మూడు సైజుల పెద్ద టీషర్టే. ఇంకా సగం మిగిలి ఉంది.